మార్తమ్మ గారి టమాటా మొక్కకు టానిక్కు

తెనాలిలో మా పక్కింటి మార్తమ్మ గారు ఈ సాయంత్రం గోడ దగ్గర నుంచే నన్ను కేకేశారు. వాళ్ల టమాటా మొక్క ఆకులన్నీ ముడుచుకుపోయాయి. తప్పు కొంత నాదే. పూత రాలిపోతోందని ఆవిడ బాధపడుతుంటే, బాపట్లలో నేను కొనుక్కొచ్చిన పూత మందు కొంచెం చిన్న సీసాలో పోసి మొన్న ఇచ్చాను. బిందెడు నీళ్లలో నాలుగు చుక్కలు కలిపి చిలకరించమని మరీ మరీ చెప్పాను.

"నాలుగు చుక్కలేగా వేశారు?" అన్నాను.

"నాలుగే తమ్ముడూ. ఇంకు ఫిల్లరుతో లెక్కపెట్టి వేశాను. కానీ ఇంత పసి మొక్క బిందెడు నీళ్లేం తాగుతుందని, గ్లాసులో కలిపి పట్టించాను."

ముప్పై ఏళ్లు ఒకటో తరగతి పిల్లల్ని సాకిన టీచరమ్మ మరి! తొలి కాయలు చర్చిలో కోతల పండక్కి ఇవ్వాలని ఆవిడ ఆశ. కోపమొచ్చింది గానీ ఆ మొహం చూసి బిందె అందుకున్నాను. ఇద్దరం కలిసి నాలుగు బిందెల మంచినీళ్లతో మొక్కను కడిగాం. తర్వాత ఆవిడ అరచెయ్యి తిరగేసి ఆకు మీద ఆనించి, "తగ్గుతుందంటావా?" అన్నారు.

"జ్వరం దిగుతోందండి" అనేసి వచ్చాను. మీరైతే ఏం చెప్పేవారు?