ముబీనా వంతు పేజీ

ఎవరైనా దెయ్యాల కథ మొదలుపెడితే ‘నీళ్లు తాగొస్తా’ అని లేచిపోయే రకం నేను. భయమేసి కాదు, విసుగు పుట్టి. పైగా ఎమ్మెస్సీ ఫిజిక్స్ చదివినదాన్ని. ఇది చదివి నవ్వాలనిపిస్తే నవ్వండి, నేనేమీ అనుకోను.

తిరుపతిలో మా హాస్టల్ గదిలో ముగ్గురం ఉండేవాళ్లం. పుత్తూరు నుంచి నేను, శ్రీకాళహస్తి నుంచి సుజాత, చిత్తూరు నుంచి టైలర్ గారి అమ్మాయి ముబీనా. ముగ్గురికీ ఒకటే పిచ్చి. ఒక లాంగ్ నోటుబుక్కులో కలిసి నవల రాసేవాళ్లం. ఒకరు ఒక పేజీ రాసి, అడుగున తర్వాత రాయాల్సినవాళ్ల పేరు పెట్టాలి. పేరు పడ్డాక జ్వరమొచ్చినా రాయాల్సిందే. ఎవరి పేరు వాళ్లు పెట్టుకోకూడదు. ఈ చివరి నియమం ముబీనా కోసమే పెట్టాం. లేకపోతే అది నోటుబుక్కు మా చేతికే ఇచ్చేది కాదు.

రెండో లాక్‌డౌన్‌లో ఒక్క పూటలో హాస్టల్ ఖాళీ చేయమన్నారు. హడావిడిలో నోటుబుక్కు టేబుల్ సొరుగులోనే ఉండిపోయింది. గదికి తాళం వేసి, తాళంచెవి ఆఫీసులో ఇచ్చేశాం. నవల మాత్రం ఆపలేదు. ఇళ్ల దగ్గర తెల్లకాగితాల మీద రాసి, ఫోటో తీసి వాట్సాప్‌లో పెట్టుకునేవాళ్లం. “ఆ ఫోన్లో ఏముండాది తల్లీ, అన్నం కూడా వొద్దా?” అని మా నాయన తిట్టేవాడు.

నేను ఒక పేజీ రాసి ‘తర్వాత ముబీనా’ అని పెట్టిన రోజే ముబీనాకు జ్వరం మొదలైంది. నాలుగో రోజుకు ఆసుపత్రిలో చేర్చి ఆక్సిజన్ పెట్టారు. సుజాత ఫోన్ చేసి ఒకటే ఏడుపు.

“నువ్వన్నా రాయి మే. కత ఆగిపోయినాదంటే నాకు బయంగా ఉండాది.”

“దాని వంతు దానిదే. వస్తాది, రాస్తాది,” అన్నాను.

మొండితనమే అనుకోండి. నేను రాస్తే, ముబీనా ఇక రాదని ఒప్పుకున్నట్టే అనిపించింది.

పదమూడో రోజు మధ్యాహ్నం మిద్దె మీద మామిడి ఒరుగులు తిరగేస్తుంటే ఫోన్ మోగింది. గ్రూపులో ముబీనా నంబరు నుంచి ఫోటో. దాని ఆకుపచ్చ ఇంకు, కోడిగుడ్ల లాంటి దాని సున్నాలు. ఆ పేజీలో మా నవలలోని పిల్ల అలిపిరి మెట్ల మీద ఆయాసపడి, ఇంక ఎక్కలేనని కూర్చుండిపోతుంది. వెనక నుంచి ఇద్దరు వచ్చి ఆమె సంచి అందుకుంటారు. పేజీ అడుగున ‘తర్వాత ముబీనా’ అని ఉంది.

“సచ్చి బతికి కూడా దొంగాటే ఆడతా ఉండాది సూడు!” అంది సుజాత. ఇద్దరం ఫోన్లో నవ్వీ నవ్వీ ఏడ్చాం. వెంటనే ముబీనా వాళ్లమ్మకు ఫోన్ చేశాను.

“ఏం ఫోటోమ్మా? బిడ్డకు పొద్దున్నించి తెలివి లేదు. దాని ఫోను ఈడ ఇంట్లో బీరువాలో ఉండాది, చార్జింగు కూడా లేదు,” అందామె.

ఫోటో మళ్లీ చూశాను. కాగితం పక్కన టేబుల్ అంచు కనిపిస్తోంది. దాని మీద ఇస్త్రీపెట్టె కాలిన మచ్చ. సుజాత చున్నీ ఇస్త్రీ చేస్తూ కాల్చిన మచ్చే. అది తాళం వేసిన మా గది టేబుల్.

వాళ్లమ్మకు ఇదేమీ చెప్పలేదు. “దాని పేరు పడింది ఆంటీ. అది ఇంకా రాయాల. వస్తాది,” అన్నాను.

ముబీనా బతికింది.

మూడు నెలలకు హాస్టల్ తెరిచారు. తాళం తుప్పు పట్టి, నూనె పోస్తేగాని రాలేదు. నేల మీద దుమ్ములో మా అడుగులే మొదటివి. సొరుగు లాగి నోటుబుక్కు తెరిచాం. మేం వదిలేసిన పేజీ తర్వాత ఆకుపచ్చ ఇంకుతో ఫోటోలోని అదే పేజీ ఉంది.

ముబీనా ఒక్కో అక్షరం మీద వేలు పెట్టి చూసింది. “రాత నాదే మే. రాసింది నేను గాదు,” అంది.

తాళంచెవి ఎవరికీ ఇవ్వలేదని ఆఫీసులో చెప్పారు. ముబీనా ఫోనులో ఆ ఫోటో లేదు, మా ఇద్దరి ఫోన్లలో ఇప్పటికీ ఉంది. నేను చదివిన ఫిజిక్సంతా తిరగేశాను. నాకు అంతుపట్టలేదు, ఇక పడుతుందనీ అనుకోను.

ఆ రోజు మాత్రం ముబీనా ఇంకా ఆయాసపడుతూనే మంచం మీద కూర్చుని పెన్ను అడిగింది. “పేరు పడినాది గదా, రాయాల్సిందే.” మేమిద్దరం చెరో పక్క కూర్చున్నాం. పేజీ నిండేసరికి సాయంత్రమైంది. అడుగున నా పేరు పెట్టింది.