మూడు చప్పట్లు

వాన పడ్డ పదోనాటికి మా బడి వెనక కాఫీ తోట పూసింది. అనంతగిరి ఘాటు ఎక్కి వచ్చే టూరిస్టులు కార్లు ఆపి ఆ తెల్లపూల పక్కన ఫోటోలు దిగుతున్నారు, అచ్చం మల్లెల వాసనే అని మురిసిపోతున్నారు. నేను మాత్రం ఆ వాసన తగలగానే తరగతి కిటికీలు మూసేస్తాను. పాతికేళ్లయింది, ఇంకా నాకది పడదు.

నాకు పదేళ్లప్పుడు, ఇలాగే కాఫీ పూసిన రోజుల్లో, మేకలు తోలుకెళ్లి కొండవాలులో కాలిన గడ్డి మధ్య పగిలిన పనసకాయంత చిప్ప ఒకటి చూశాను. ఇనుమూ కాదు, రాయీ కాదు, ముట్టుకుంటే వెచ్చగా ఉంది. దాని పక్కన మేకపిల్లంత జీవం. ఆరు కాళ్లు, కళ్లు లేవు, నోరు లేదు, పొట్ట నేలకానించి వణుకుతోంది. ఈ కొండల్లో తిరిగేవన్నీ నాకు తెలుసు. ఇది ఇక్కడిది కాదు, పైనుంచి పడింది. నేను పారిపోవాల్సింది. పారిపోయి ఉంటే ఎంత బాగుండేది! తాగడానికి తెచ్చుకున్న ఆనపబుర్రలోని చోడి అంబలి అడ్డాకు డొప్పలో పోసి దాని ముందు పెట్టాను. ముందుకాలు అందులో ముంచింది, చూస్తుండగానే అంబలి ఇంకిపోయింది, దాని ఒంట్లోంచి గుప్పున కాఫీపూల వాసన వచ్చింది.

ఆ నెలంతా మేకలు ఎటు పోయాయో నాకు పట్టలేదు. అది పొట్టతో వినేది. అవతలి గట్టున ఎండాకు రాలినా దానికి తెలిసేది, మనిషి అడుగు పడితే పొదల్లో మాయమయ్యేది. నేను మూడు చప్పట్లు కొడితే మాత్రం ఎంత దూరాన్నుంచైనా వచ్చి నా ఒళ్లో పడుకునేది. చప్పట్లంటే అంబలి, చప్పట్లంటే నేను అని ఓపిగ్గా నేర్పాను. నా అంత పంతులమ్మ లేదనుకున్నాను. పొద్దు వాలేవేళకి ఆ చిప్ప దగ్గరికి పోయి, పొట్ట ఆనించి, కదలకుండా ఉండిపోయేది. ఇంటినుంచి కబురు కోసమని ఎవరూ చెప్పకుండానే నాకు అర్థమైంది.

"ఏటే గుంటా, రెండు బుర్రల అంబలి ఒక్కదానివే తాగేత్తన్నావా? కడుపా, సెరువా?" అని అమ్మ నవ్వేది.

అంతలో మా కొండల్లో చేసే వేట పండగ, ఇటుకల పండగ వచ్చింది. పనసకాయ కూరలు, సామన్నం, జీలుగు కల్లు, ఊరి మధ్య కట్టిన ఉయ్యాలలు. మగవాళ్లందరూ వేటకి పోవాలి. ఉత్త చేతులతో తిరిగొస్తే ఆడవాళ్లు పేడనీళ్లు పోసి పరువు తీస్తారు. ముందటేడు మా అయ్య మీద మొదటి చెంబు పోసింది నేనే. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. అయ్య ఆ సాయంత్రమంతా అరుగు మీద గోడవైపు తిరిగి కూర్చున్నాడు.

వేటలో విల్లు పట్టినవాళ్లు ఒక పక్క కాపు కాస్తారు. మిగతావాళ్లు అవతలి నుంచి చప్పట్లు కొడుతూ, కేకలేస్తూ పొదలు కదిలిస్తే, జంతువులు బెదిరి విళ్ల వైపు పరిగెడతాయి. గురి లేదని మా అయ్యని ఎప్పుడూ చప్పట్లు కొట్టేవాళ్లలోనే నిలబెట్టేవారు. మనిషి అలికిడికే మాయమయ్యేదాన్ని ఎవరు పట్టగలరని నేను ధీమాగా ఉయ్యాల ఊగుతున్నాను. కొండమీంచి చప్పట్లు వినబడ్డాక గానీ నేను దానికి నేర్పినదేంటో నాకు తట్టలేదు. దూకి పరిగెత్తాను. వేటకి ఆడపిల్ల ఎదురెళ్లకూడదని అమ్మ జబ్బ పట్టుకుని ఆపేసింది. ఎంత ఏడ్చినా వదల్లేదు.

పొద్దు వాలేసరికి అయ్య దాన్ని భుజాల మీద వేసుకుని, గొడ్డలి ఊపుకుంటూ వచ్చాడు. ఆయన మొహంలో అంత వెలుగు నేనెప్పుడూ చూడలేదు.

"ఇదేటో గానీ ఎంత మంచి జీవమో! సప్పట్లు కొడతంటే పారిపోనేదు, బేగి వచ్చి నా కాళ్లకాడ పడుకుంది" అన్నాడు.

కాళ్లు లెక్కపెట్టి వెనకాడినవాళ్లకి ఊరిపెద్ద, "రెండు కాళ్లు ఎక్కువుంటే ఏటి, మాంసమే గదా" అని చెప్పాడు. ఇంటింటికీ అడ్డాకుల్లో వాటాలు పంచారు. మొదటి ముక్క అయ్య తన చేత్తో నా నోట్లో పెట్టాడు. ఆయన మొహం చూసి, తిన్నాను. నోరంతా కాఫీపూల వాసన.

చనిపోయేదాకా అయ్య ప్రతి పండక్కీ ఆ వేట కథ చెప్పుకునేవాడు. నేను నిజం చెప్పలేదు. ఆయన మీద కోపం లేదంటే అబద్ధం. నామీద నాకున్న కోపం ముందు అది ఏపాటిది?

ఇప్పుడు ఆ కొండవాలులో రిసార్టు కట్టారు, చిప్ప ఏ పునాది కింద ఉందో తెలియదు. వేటాడటానికి అడవిలో ఏమీ మిగల్లేదు. మగవాళ్లు సంతలో కొన్న కోడితో తిరిగొస్తే ఆడవాళ్లు సెల్‌ఫోన్లలో వీడియోల కోసం పేడనీళ్లు చల్లుతున్నారు.

నిన్న బడిలో ఒక గుంట పాట బాగా పాడింది. పిల్లలందరూ చప్పట్లు కొట్టారు. "టీచరమ్మా, మీరెప్పుడూ కొట్టరేటి?" అని అడిగింది. చేతులు నొప్పి అన్నాను. ఆ ఆరుకాళ్ల జీవం తాలూకు వాళ్లు దాన్ని వెతుక్కుంటూ ఏనాటికైనా ఈ కొండల్లో దిగుతారేమో, నా చప్పట్లు విని ఇంకొకటి నమ్మి వచ్చేస్తుందేమోనని ఆ పిల్లకి ఎలా చెప్పను?