ఒక్క మార్కు వరి

బతకలేక బడిపంతులు అంటారు. నాకు ఆ పంతులమ్మ పని కూడా దక్కేలా లేదు. మిర్యాలగూడలో నేను సైన్స్ చెప్పే ప్రైవేటు బడివాళ్లు, టెట్ పాసైతేనే జూన్‌లో రమ్మన్నారు. కిందటిసారి ఒక్క మార్కుతో పోయింది. ఆ మార్కు ఎక్కడ పోయిందో నాకు బాగా తెలుసు. వరి ఏ కాలపు పంట అని అడిగితే, పుస్తకంలో ఉన్నట్టు ఖరీఫ్ అని పెట్టకుండా, రెండు కాలాలూ అని పెట్టి వచ్చాను. మాడుగులపల్లిలో పుట్టి, కాలువ నీళ్లతో ఏడాదికి రెండుసార్లు వరి పండటం చూసినదాన్ని, ఇంకేం పెడతాను?

ఈసారి బుద్ధిగా సూర్యాపేట వెళ్లి కొత్త గైడు కొన్నాను. పొద్దున్నే వాకిట్లో కూర్చుని పైకి చదువుతుంటే, అమ్మ నాట్లకు పోయే ముందు సద్ది కట్టుకుంటూ వినేది. కణం, కాంతి, ఆమ్లాలు, వేటికీ నోరెత్తలేదు. ఒకరోజు "వరి ఖరీఫ్ పంట. గోధుమ, శనగ రబీ పంటలు" అని చదవగానే టిఫిన్ మూత ఠక్కున పెట్టింది.

"రబీ అంటే ఏందే?"

"యాసంగి."

"మరి నేనిప్పుడు పోయి నాటేది ఏంది, గడ్డా?"

"అట్ల పెట్టే కదనే పోయినసారి మార్కు పోగొట్టుకున్న!"

అమ్మ ముఖం చిన్నబోయింది. "అయితే గా బుక్కుల ఏముంటే గదే పెట్టు బిడ్డా. మనం చెప్తే ఎవ్వలింటరు" అంది.

పరీక్ష కోదాడలో పడింది. కంప్యూటర్ ముందు అంతా సాఫీగా పోతుండగా వచ్చింది: కింది వాటిలో రబీ పంట కానిది ఏది? గోధుమ, ఆవాలు, శనగ, వరి. దొంగమొహంది, వేషం మార్చుకుని వచ్చింది. ముందు నవ్వొచ్చింది, వెంటనే ఒళ్లు మండింది. ఆ సమయానికి అమ్మ బురదలో వంగి వరి నాటుతూ ఉంటుంది. అయినా వరి మీదే నొక్కాను. చాలా సిగ్గేసింది.

బస్సు దిగి నేరుగా పొలానికే వెళ్లాను. అమ్మ నడుం ఎత్తకుండానే, "మంచిగ రాసినవా?" అని అడిగింది.

"రాసిన. ఈసారి అయితదే అమ్మా. కానీ యాసంగిల వరి ఉండదని పెట్టొచ్చిన."

అమ్మ నడుం ఎత్తి, పక్క మడిలోవాళ్లకు కూడా వినపడేలా నవ్వింది.

"మంచిగ చేసినవ్. ఇగ చెప్పులిడిసి దిగు. గా ఉండని వరి ఇంకో మడి నాటాలె."