వెనక్కి నడిచే ఎద్దులు

మా కపిల బావి దగ్గర కాలం రెండు వైపులా నడిచేది. ఎద్దులు వాలులోకి దిగితే ముందుకు పోయేది. అవి వెనకడుగులు వేస్తూ పైకెక్కితే కాలమూ వెనక్కి పోయేది. ఇది కనిపెట్టింది నేను కాదు, మా చెల్లెలు. నాకే అంత తెలివి ఉంటే బడి నాలుగో తరగతిలోనే నాకు దణ్ణం పెట్టి సాగనంపేది కాదు.

మా వైపు పొలాలకు కరెంటు మోటార్లు ఇంకా రాని రోజులవి. కపిల చూడనివాళ్ళ కోసం చెబుతాను. బావి ఒడ్డు నుంచి నేలను ఏటవాలుగా తవ్వి ఒక బాట చేస్తారు. బావి మీద గిలక, గిలక మీదుగా లావుపాటి మోకు. మోకుకు ఒక కొసన తోలు బాన, రెండో కొసన ఎద్దుల జత. ఎద్దులు బాట దిగితే నిండు బాన పైకొచ్చి తొట్టిలో నీళ్ళు కుమ్మరిస్తుంది. అవి మొహం తిప్పకుండా, వెనక కాళ్ళతో తడుముకుంటూ మళ్ళీ బావి దాకా ఎక్కితే ఖాళీ బాన నీళ్ళలోకి దిగుతుంది. పొద్దుగూకేదాకా ఇదే పని. ఒడ్డున ఒక దుంగ అడ్డంగా పాతి ఉంటుంది. వెనక గిట్టలు దానికి తగలగానే ఎద్దులు వాటంతట అవే ఆగుతాయి.

దిగేటప్పుడు తోలేవాడు మోకు మీద కూర్చుంటాడు. తన బరువు కూడా ఎద్దులకు సాయమన్నమాట. మా నాయన తన ముందు ఒకసారి నన్ను, ఒకసారి చెల్లెల్ని కూర్చోబెట్టుకునేవాడు. ఎక్కేటప్పుడు మాత్రం ఎవరూ కూర్చోకూడదు. బాన నీళ్ళకు తగలగానే మోకు వదులైపోతుంది, కూర్చున్నవాళ్ళు జారితే వెనక బావే. "ఎనక్కి పోయేటప్పుడు మోకు మీద ఎవురన్నా కనపడితే ఎద్దుల్ని ఇప్పి మిమ్మల్ని కడతా" అనేవాడు నాయన. కట్టినా కడతాడని మాకు నమ్మకం.

దిగేది కాసేపే అయినా ఆ కాసేపట్లో మేం తిరగని చోటు లేదు. సముద్రం గాలి మిరప తోట మీదుగా వీస్తుంటే నేను కూతపెట్టేవాణ్ణి: "మద్రాసు! దిగేవాళ్ళు దిగండి!" మరుసటి బానకు రంగూన్. ఇంకో బానకు చంద్రుడు. రష్యావాళ్ళు కుక్కను ఆకాశంలోకి పంపారని మా అయ్యవారు చెప్పాడు కాబట్టి అక్కడ దానికి అన్నం పెట్టి వచ్చేవాళ్ళం. రానున్న కాలానికి కూడా పోయేవాళ్ళం. అక్కడ నాయనకు పళ్ళన్నీ ఊడి, నేనే ఇంటికి పెద్దనై, జేజిని, అంటే మా నాయనమ్మని, బడికి పంపేవాణ్ణి. నాయన మీసం కింద నవ్వుకుంటూ ఎద్దుల తోక మెలేసేవాడు.

ఒకరోజు చెల్లెలు అడిగింది. "ఎద్దులు ముందుకు పోతే రేపొస్తుంది గదన్నా. మరి ఎనక్కి పోతే?"

"నిన్నొస్తుంది" అన్నాను, నాకేం పోయిందని.

"ఇంకా ఎనక్కి పోతే మొన్న?"

"నీకు లెక్కలొచ్చినాయి పాపా. నా బదులు నువ్వే బడికి పో."

అప్పటికి అమ్మ ఇంట్లో లేక చాలా నెలలయింది. దగ్గు జబ్బని నెల్లూరు ఆస్పత్రిలో చేర్చారు. తెల్లవారుజామున బండి కట్టి తీసుకుపోయారు. చెల్లెలు ఏడుస్తుందని ఎవరూ దాన్ని లేపలేదు. నిద్రలేచి చూస్తే అమ్మ పడుకునే చోట చాప చుట్టి గోడకు ఆనించి ఉంది. అమ్మమ్మ ఊరికి పోయిందని జేజి అబద్ధమాడింది. జేజి నోట్లో పళ్ళు లేనట్టే అబద్ధమాడే ఒడుపూ లేదు. నాలుగు రోజుల్లో బయటపడింది. పసిపిల్లల్ని ఆస్పత్రిలోకి రానివ్వరని నాయన ఎంత చెప్పినా చెల్లెలు అడిగేది ఒకటే: "నన్నెందుకు లేపలేదు?"

అడిగినప్పుడల్లా నేను కోతిలా గెంతి నవ్వించేవాణ్ణి. నవ్వేది, నవ్వి మళ్ళీ అదే అడిగేది.

ఆ ఎండాకాలం ఒక పొద్దున ఎద్దులు నాలుగైదు బానలు తోడాయో లేదో, ఒడ్డున అడ్డదుంగ విరిగింది. లోపలంతా చెద. నాయన ఎద్దుల్ని బాట చివర, పల్లంలో నిలబెట్టి, గొడ్డలి తీసుకున్నాడు.

"తుమ్మ మోడు ఒకటి నరుక్కొస్తా. రేయ్, నువ్వు మడి చూసుకో. పాపా, నీడన కూచో, కదలబాక."

తొట్టిలో మిగిలిన నీళ్ళు కాలవలో పారుతున్నాయి. మిరప మడి మూల గట్టు తెగి నీళ్ళు పక్క బీడులోకి పోతుంటే నేను పారతో మట్టి వేస్తున్నాను. వెనక నుంచి గిలక కిర్రుమన్న చప్పుడు వినబడింది. నాయన వచ్చేశాడేమో అనుకున్నాను. కూత వినబడింది.

"హో... ఎనక్కి నాయనా, ఎనక్కి..."

నాయన కూతే. గొంతు మాత్రం నాయనది కాదు.

తలెత్తి చూస్తే చెల్లెలు మోకు మీద ఉంది. బాట పక్క గట్టెక్కి అక్కడి నుంచి మోకు మీదికి జారినట్టుంది. రెండు చేతులతో మోకును పట్టుకుని, ఎద్దుల వీపులకేసి చూస్తూ కూర్చుంది. ఎద్దులు ఒక్కో అడుగు వెనక్కి వేస్తూ పైకెక్కుతున్నాయి. ఎద్దుల వెనక అది. దాని వెనక బావి. మధ్యలో దుంగ లేదు.

పార వదిలేసి పరిగెత్తాను. బాట దిగువకు చేరగానే ఆగిపోయాను. ఎడమవైపు ఎద్దు కొత్తది. మొన్ననే సంతలో కొన్నాం. ఎదురుగా మనిషి చెయ్యి ఊపినా, గట్టిగా అరిచినా బెదిరి వెనక్కి తన్నుకుపోతుంది. ఇప్పుడు దానికి ఎదురుగా ఉన్నది నేనే. నేను అరిస్తే చెల్లెల్ని బావిలోకి తోసేది నా అరుపే. పక్క గట్టు మీదుగా పోయినా దాని కంటికొసకు చిక్కుతాను. ఎద్దుల్ని ముందుకు నడిపించే గొంతు వెనక నుంచి రావాలి. వెనక ఉన్నది ఒక్క చెల్లెలే.

బుసక్ మని బావిలో చప్పుడైంది. బాన నీళ్ళు తాకింది. మోకు వదులై కిందికి సాగింది, దానితో పాటు చెల్లెలు కూడా. దాని కాళ్ళు దాదాపు నేలకు తగులుతున్నాయి. ఎద్దులు ఆగాయి. దుంగ కోసం కుడివైపు ముసలి ఎద్దు వెనక కాలితో తడిమింది. దొరకలేదు. చెవులు కదిలించి మళ్ళీ తడిమింది. ఒడ్డు నుంచి చిన్న మట్టిపెళ్ళ విరిగి నీళ్ళలో పడింది.

నేను కింద కూర్చున్నాను. నిలబడితే ఎద్దుకు పెద్దగా కనబడతానని. మద్రాసుకు పోయేటప్పుడు ఎలా అడుగుతానో అలాగే అడిగాను.

"పాపా, ఏ ఊరొచ్చింది?"

"ఊరు గాదు" అంది విసుగ్గా. "ఇంకా తెల్లారలా. మన ఇల్లే."

"ఎవురున్నారు ఆడ?"

"బండి కట్టి ఉండాది. అమ్మ ఎక్కతా ఉండాది. నేను నిద్రపోతా ఉండా." మోకును ఇంకా గట్టిగా పట్టుకుంది. "నన్ను నేనే లేపాల. ఇంకొక్క అడుగు పోతే చాలన్నా."

ఆ ఒక్క అడుగు ఎక్కడుందో నాకు కనబడుతోంది.

"లేపితే ఏం జేస్తావు?"

"నేనూ ఎక్కతా."

"జేజి చూస్తే తంతుంది."

"జేజి ఎనకపక్క ఉండాది. చూడదు." అది ఊపిరి పీల్చింది. నాకు తెలుసు, కూత పెట్టబోతోంది. ముసలి ఎద్దు కాలు పైకెత్తింది.

నవ్వించడం నా పని. ఆ పూట నవ్వు పనికిరాదు. ఆ పిల్ల పెట్టిన రూలులోనే ఏదో ఒక దారి వెతకాలి.

"అయ్యో పాపా, ఆలస్యమైపోయిందే! బండి కదిలింది. చూడు, దుమ్ము లేస్తా ఉండాది."

"లేదు, ఈడే ఉండాది."

"సరిగ్గా చూడు. ఎద్దుల గంటలు ఇనపళ్ళా? రోడ్డెక్కేసింది. నువ్వు ఇప్పుడు ఎనక్కి పోతే ఇంట్లో ఉత్త చాపే ఉంటుంది."

చాప మాట అనగానే దాని మొహం మారిపోయింది. ఏడుస్తుందేమోనని భయపడ్డాను. ఏడిస్తే కొత్త ఎద్దు ఏమంటుందో తెలియదు.

"ముందుకు తోలితే అందుకోవచ్చు" అన్నాను వెంటనే. "బండి మెల్లంగా పోతా ఉండాది. ఇంకా వెంకటాచలం ఊరు దాటలా. తోలు పాపా, ముందుకు తోలు."

"నిజంగా అందుకుంటామా?"

"అందుకుంటాం."

"ఒట్టు?"

"ఒట్టు."

"అమ్మ మీద ఒట్టు?"

నా జన్మలో ఒట్లు చాలా వేశాను, వేరుశనక్కాయలు ఒలిచినంత సులువుగా. ఈ ఒట్టు మాత్రం అంత సులువుగా ఊడిరాలేదు. దాన్ని బలవంతంగా బయటికి లాగాను.

"అమ్మ మీద ఒట్టు."

చెల్లెలు చూపును ఎద్దుల మీదికి దించింది. నాయన లాగే నాలుక మడిచి టక్కుమనిపించింది. "హై... పద నాయనా, పద!"

ముసలి ఎద్దు ఎత్తిన కాలును ముందుకు వేసింది. కొత్తది అనుమానంగా ఒకసారి తల విదిలించి దానితో కదిలింది. మోకు బిగిసింది. చెల్లెలు పైకి లేచింది. బావిలో నీళ్ళు కారుతున్న చప్పుడుతో నిండు బాన పైకి వస్తోంది. ఎద్దులు నా మీదికి దిగి వస్తున్నా నేను లేవలేదు, దొర్లుకుంటూ గట్టు వారకు పోయాను. నన్ను దాటిన తర్వాతగానీ తలెత్తలేదు. పైన బాన తొట్టిలో బళ్ళున కుమ్మరించింది.

అప్పుడు చూశాను. తోట అవతల, తుమ్మ మోడు భుజాన పెట్టుకుని నాయన నిలబడి ఉన్నాడు. ఎప్పుడు వచ్చాడో తెలియదు. ఆయనకూ తెలుసు అరవకూడదని. చెమట కళ్ళలోకి కారుతున్నా తుడుచుకోకుండా, రెండో చెయ్యి గాలిలో అలాగే ఆపి, రాతిమనిషిలా ఉన్నాడు.

వచ్చి మొదట చెల్లెల్ని మోకు మీది నుంచి దించాడు. దించినా చేతుల్లోంచి వదల్లేదు.

"బండేది?" అంది అది నాతో.

నేను పార వెతుక్కుంటున్నట్టు మడి వైపు తిరిగాను.

"ఏం బండి?" అన్నాడు నాయన.

"అమ్మ పోయిన బండి. ముందుకు తోలితే అందుకుంటామని అన్న ఒట్టేసినాడు. అమ్మ మీద ఒట్టేసినాడు."

నాయన నా వైపు చూశాడు. ఎద్దుల్ని విప్పి నన్ను కట్టే రోజు వచ్చిందనుకున్నాను.

ఆయన చెల్లెల్ని నా ఒడిలో కూర్చోబెట్టి, మోడును ఒడ్డున అడ్డంగా వేసి, మట్టి ఎగదోసి, కాలితో గట్టిగా తొక్కాడు. తర్వాత ఎద్దుల్ని మోకు నుంచి విప్పాడు.

"బండిలో గడ్డి పరువురా" అన్నాడు.

"యాడికి నాయనా?"

"ఒట్టేసినావు గదా."

ఇంటి దగ్గర జేజి గుమ్మానికి అడ్డం నిలబడింది. "బుద్ధుండాదా నీకు? పసిబిడ్డల్ని రానీరని నువ్వే గదా చెప్పినావు!"

"గేటు దాకా రానిస్తారులే" అన్నాడు నాయన. "ఆమె మిద్దె మీద నుంచి చూస్తుంది. కబురంపిస్తా."

"మరి ఇన్నాళ్ళూ..."

నాయన ఎద్దుల మెడ మీద కాడి వేశాడు.

వెంకటాచలం దగ్గర పెద్ద రోడ్డెక్కేదాకా చెల్లెలు బండి ముందు కూర్చుని ప్రతి దుమ్మునూ వేలుపెట్టి చూపించింది. "అదేనా?" నేను కాదనేవాణ్ణి. లారీలు మా పక్క నుంచి హారన్ కొట్టుకుంటూ పోయేవి, కొత్త ఎద్దు బెదిరేది, నాయన "ఓహోహో" అని దాన్ని సముదాయించేవాడు. ఎండ తగ్గేసరికి చెల్లెలు నా తొడ మీద తలపెట్టి నిద్రపోయింది. అరచేతుల్లో మోకు ఒరుసుకున్న ఎర్రటి గీతలు అలాగే ఉన్నాయి.

నెల్లూరు చేరేసరికి పొద్దు వాలింది. ఆస్పత్రి గేటు ముందు బండి ఆగింది. నాయన లోపలికి కబురు పంపాడు. కాసేపటికి మిద్దె మీద వరండాలో తెల్లచీర కట్టుకున్న ఒక మనిషి కమ్మీ పట్టుకుని వంగి చూసింది. బాగా చిక్కిపోయింది. నిలబడే తీరు చూసి గుర్తుపట్టాను.

నాయన వెనక్కి తిరిగాడు. "పడుకోనీలేరా. పాపం, అలిసిపోయి ఉంది. మళ్ళీ చూస్తుందిలే" అన్నాడు గొంతు తగ్గించి.

నా బతుకులో నాయన మాట కాదన్నది ఆ ఒక్కసారే.

చెల్లెలి భుజం పట్టి గట్టిగా కుదిపాను.

"పాపా, లే. అందుకున్నాం."