అద్దం మీద లేని పేరు

ఆయుధపూజ రోజు పొద్దున్న ఆటోనగర్‌లో నాన్న బండి పెట్టే సందంతా షాంపూ నురగే. ఏడాది పొడుగునా పప్పుల బస్తాలూ ఇనుప పైపులూ మోసే పికప్ బళ్లను ఆ రోజు ఓనర్లే స్వయంగా కడుగుతారు. టైర్లకు నల్ల పాలిష్, బంపర్‌కు కొత్త కుచ్చులు, క్యాబిన్ చుట్టూ రంగు లైట్లు. ఒకాయన హారన్‌లో నాలుగు రాగాలు పెట్టించి, వచ్చినవాళ్లందరికీ నాలుగూ వినిపిస్తాడు.

అయితే ఎవరైనా మొదట చూసేది ముందు అద్దం పైభాగాన్నే. అక్కడ పిల్లల పేర్లుంటాయి, చీకట్లోనూ మెరిసే రేడియం అక్షరాల్లో.

నాన్న బండి మీద మాత్రం ఏ పేరూ లేదు. మూడేళ్ల క్రితం బండి కొన్నప్పుడు నా పేరు రాయిస్తానన్నారు. ఆయనకు నేనొక్కదాన్నే. వద్దని ఏడ్చినంత పని చేశాను. నా డైరీ మీద కూడా పేరు రాసుకోను నేను. బెంజి సర్కిల్ సిగ్నల్ దగ్గర ఎవరో నా పేరు పైకి చదువుతారనుకుంటేనే ఒళ్లు ముడుచుకుపోయింది. నాన్న మళ్లీ ఆ మాట ఎత్తలేదు.

మొన్న దసరాకు మొదటిసారి ఆయనతో ఆటోనగర్ వెళ్లాను. క్యాబిన్‌లో కూర్చుని పుస్తకం తెరిచాను. నాన్న బయట బంపర్ రుద్దుతున్నారు.

“ఏంటండీ, ఈ ఏడు కూడా ఖాళీయేనా? రేడియం అతను ఇక్కడే ఉన్నాడు, రాయించెయ్యండి,” అన్నాడు హారన్ ఆయన.

“చూద్దాంలెండి,” అన్నారు నాన్న.

“ఆడపిల్ల పేరు రాయిస్తాడా ఏంటి! మనవడి కోసం అట్టే పెట్టాడు ఆ జాగా,” అన్నాడు పక్క బండి ఓనరు.

అందరూ నవ్వారు. నాన్న కూడా నవ్వి, రుద్దినచోటే మళ్లీ రుద్దారు.

మూడేళ్లుగా ఇది వింటున్నారన్నమాట. మా అమ్మాయే వద్దందని ఒక్క ముక్క చెబితే అయిపోయేది. కానీ చెబితే అందరూ నా గురించే మాట్లాడుకుంటారు. అందుకే చెప్పలేదు.

పుస్తకం మూసి కిందికి దిగాను.

“నాన్నా, రాయించెయ్యండి.”

“నీకిష్టమై అంటున్నావా, వీళ్లన్నారనా?”

అబద్ధం చెప్పలేకపోయాను.

“అయితే వద్దులే,” అని మళ్లీ బంపర్ వైపు వంగారు.

అక్కడితో నేను క్యాబిన్‌లోకి వెళ్లిపోవచ్చు. వెళ్లలేదు. పక్క బండి ఆయన ముఖం వైపు చూడలేక, ఆయన చేతిలోని నీళ్ల పైపును చూస్తూ అన్నాను.

“ఆడపిల్లనని కాదండీ. నాన్న రాయిస్తానన్నారు. నేనే వద్దన్నాను.”

“అదా సంగతి!” అన్నాడు హారన్ ఆయన. “మరి మేం ఇన్నాళ్లు వాగుతుంటే మీ నాన్న నోరు విప్పడేంటమ్మా?”

“మీ నోళ్లకు ఖాళీ ఉంటేగా,” అన్నారు నాన్న.

ఈసారి నవ్వులో నాన్న గొంతు గట్టిగా వినిపించింది. పక్క బండి ఆయన మాత్రం అప్పటికే కడిగిన టైరునే మళ్లీ కడగడం మొదలుపెట్టాడు.

నాన్న బకెట్లో గుడ్డ పిండి నాకందించి, “అటువైపు డోరు నువ్వు తుడువమ్మా,” అన్నారు.