చెంప తాగిన మందు

ఒంటరిగా ఉండేవాడికి కంట్లో మందు వేసుకోవడమంత కష్టమైన పని ఇంకోటి లేదని బ్రూక్‌ఫీల్డ్ ఏరియాలో అద్దెకున్న రోజుల్లో తెలిసింది. కాంటాక్ట్ లెన్సు వల్ల ఒక కంట్లో పుండు పడింది. అశ్రద్ధ చేస్తే చూపు పోతుందని డాక్టరమ్మ మెత్తగానే చెప్పింది. మెలకువగా ఉన్నంతసేపూ రెండు గంటలకో చుక్క వేయాలంది. ఆ చిటికెన వేలంత సీసా ధర విన్నాక మందుల షాపులో నాకు రెండో కన్ను కూడా మసకబారింది.

వెల్లకిలా పడుకుని సీసా నొక్కితే, చుక్క రాలే సమయానికి రెప్ప మూసుకుపోయేది. మందు చెంప మీదుగా చెవిలోకి జారేది. పడిందో లేదోనని ఇంకో చుక్క, అనుమానం తీరక మరో చుక్క. కంటికన్నా చెవికే ఎక్కువ వైద్యం జరిగింది. కోర్సు చివరిదాకా రావాల్సిన సీసా సగం రోజులకే ఖాళీ అయింది.

అక్క రోజూ ఫోన్ చేసేది. ఆఫీసు గ్రూపులో అందరూ పూల బొమ్మలు పెట్టారు. వాళ్లలో ఒక్కరి చెయ్యీ నా కంటిదాకా రాదు. తడిసిన దిండు మీద పడుకుని, ఇంత ఊళ్లో నా రెప్ప పట్టుకునే మనిషి లేడని ఏడుపొచ్చింది. ఏడిస్తే ఉన్న కాస్త మందూ కొట్టుకుపోతుందని ఆపుకున్నాను.

మళ్లీ డాక్టరమ్మ దగ్గరికి వెళ్లి, సగం సార్లే వేసుకుంటే సీసా సరిపోదా అని అడిగాను. మండిపడింది.

"ధర తగ్గించుకోండి, మోతాదు కాదు! సగం సగం వేస్తే క్రిములు చావవు, మొండికేస్తాయి."

చీటీ మీద కంపెనీ పేరు కొట్టేసి మందు అసలు పేరు రాసిచ్చింది. అదే మందు జనరిక్ షాపులో చాలా తక్కువకు దొరికింది. కంట్లో పట్టేది ఒక్క చుక్కేనని, ఇంట్లో ఎవరితోనైనా వేయించుకోమని కూడా చెప్పింది.

ఇంట్లో ఎవరున్నారు? కింద ఇంటి ఓనరు ఉన్నాడు. ఒకప్పుడు మగ్గం నేసిన ముసలాయన, భార్య పోయి ఒక్కడే ఉంటున్నాడు. అద్దె ఇచ్చే రోజున తప్ప మాకు మాటల్లేవు. సిగ్గు చంపుకుని సీసా పట్టుకుని దిగాను.

"ఏమప్పా, ఇన్నాళ్లూ గుడ్డిగా ఏసుకుంటా ఉండావా? ఇట్ల కూచో" అన్నాడు. "మా ఆడమనిషికి కంటి ఆపరేషన్ అయినప్పుడు నేనే ఏసింది."

చేతులు కడుక్కొచ్చి, కింది రెప్పను మెల్లగా లాగి, ఒకే ఒక్క చుక్క వదిలాడు. చెంప తడవలేదు. కళ్లు మూసుకుని కూర్చుంటే వాటర్ ట్యాంకర్ వాడి మోసాలన్నీ చెప్పాడు. అప్పట్నుంచి వేళకి మెట్ల కమ్మీ మీద తాళంచెవితో టంగుమనిపించేవాడు, నేను దిగేవాణ్ణి. ఆ చప్పుడు కోసం ముందే చెప్పులు వేసుకుని కూర్చునేవాణ్ణి.

పుండు మానింది. మందు ఆపేసి, మిగిలింది పారేయమంది డాక్టరమ్మ. చెత్తబుట్ట దగ్గర ముసలాయన నా చెయ్యి పట్టుకున్నాడు.

"ఇంగా మందు ఉండాది కదప్పా, దాచుకో."

"మూత తీసింది దాచకూడదంట తాతా."

సీసా బుట్టలో పడేదాకా చూశాడు. "అట్లయితే రేపట్నుంచి కిందికి రావు" అన్నాడు. అడిగినట్టు లేదు, తనకు తాను చెప్పుకున్నట్టుంది.

మర్నాడు మామూలు వేళకి కమ్మీ టంగుమంది. గబగబా దిగాను. కుర్చీ అక్కడే ఉంది. నా చేతిలో సీసా లేదు, ఆయన వేయడానికి మందు లేదు. అయినా నేను కూర్చున్నాను. ఆయన నా గడ్డం పట్టి ట్యూబులైటు వైపు తిప్పి, మానిన కన్ను చాలాసేపు చూశాడు.

"ఎరుపు లేదు" అన్నాడు. "ఏదీ, ఇంగో కన్ను చూపించు."