ట్రాన్స్‌ఫార్మర్ సారు

"మేడం, మన ట్రాన్స్‌ఫార్మర్ సారు పోయిండు" అని పొద్దున్నే ఫోన్. ఏడుపు కంటే ముందు నాకు కోపం వచ్చింది. పోయిన రోజు కూడా ఆ మనిషికి ఆ పేరేనా!

నాగర్‌కర్నూల్ కాలేజీలో మాకు లెక్కలు చెప్పిన సారు ఆయన. ఫోరియర్ ట్రాన్స్‌ఫారం అంటే ప్రాణం. ఒక చప్పుడులో ఏయే స్వరాలు ఎంతెంత కలిసి ఉన్నాయో విడదీసి చూపే లెక్క అది. జనానికి మాత్రం ట్రాన్స్‌ఫార్మర్ అని వినిపించింది. ఓసారి తిమ్మాజిపేట వైపు నుంచి ఒక రైతు నేరుగా క్లాసుకే వచ్చేశాడు. "సారూ, మా ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోయింది. పంటంత ఎండవట్టె. జర వచ్చి సూడు." మేం పడీ పడీ నవ్వాం. సారు నవ్వలేదు. సుద్దముక్క జేబులో వేసుకుని అతని వెంట కరెంటాఫీసుకు పోయారు.

"మీ పని గాదని చెప్పొచ్చు గద సారూ" అని మర్నాడు అడిగాను.

"పరేషాన్ల ఉన్నడమ్మా ఆయన. పేరుదేముంది?"

ఇదే నాకు మండేది. ఆయన అసలు పని ఏమిటో ఎవరికీ పట్టలేదు, ఆయనకూ పట్టింపు లేదు.

కాలేజీ వరండాలో వేలాడే రైలుపట్టా ముక్కే మా గంట. సారు దాన్ని సుత్తితో కొట్టి, వెంటనే అరచేత్తో పట్టుకునేవారు. టక్కుమని ఆగిపోయేది. "ఏం స్వరమో చెప్పుండ్రి." ఎవరం చెప్పగలం? మళ్లీ కొట్టి వదిలేసేవారు. ఖంగుమంటూ సాగేది, స్వరం తేటగా తెలిసేది.

"చప్పుడు టక్కున అణిగిందనుకో, దాని స్వరాలు దూరందాక చెదిరిపోతయి. అటు చప్పుడు, ఇటు దాని స్వరాల చెదురు, రెండూ జల్దిగ అణగాల్నంటే దానికో హద్దుంది. హద్దు దాటి రెండూ తొందరపడ్డయా, అసలక్కడ ఏం లేనట్టే. సున్న."

రుజువు అడిగితే "నువ్వే కిందామీదా పడు" అనేవారు. పడుతూనే ఉన్నాను. ఒక్కసారి చెప్పి పోతే ఆయన సొమ్మేం పోయేది!

కాలేజీలోనే సంతాపసభ పెట్టారు. ఫ్లెక్సీ మీద కూడా 'ట్రాన్స్‌ఫార్మర్ సారుకు అశ్రునివాళి'. ఆయన ఏం పాఠం చెప్పారో నేనైనా చెబుదామని మైకు అందుకున్నాను. మొదలుపెట్టానో లేదో కింద నుంచి కేక. "జర జల్ది కానియ్యుండ్రి మేడం, బువ్వ సల్లారుతుంది!"

దిగి వచ్చేశాను. నాతో చదువుకున్నతను పక్కకు వచ్చి ఓదార్చబోయాడు. "ఊకో. చాయ్ తాగుకుంటనే పోయిండు, తిప్పలు పడలే. మనం గూడ జల్ది మర్చిపోవాలె."

ఒళ్లు మండిపోయింది. "ఆయన జల్దిగా పోయి, మనం జల్దిగా మరిచిపోతే, మరి సారు ఏంది? సున్ననా?" అని అరిచాను. అతను బిత్తరపోయాడు. పాఠం అతనికీ గుర్తులేదు.

వరండాలోకి వచ్చేశాను. పట్టా ముక్క అక్కడే వేలాడుతోంది. సుత్తి తీసుకుని ఉన్న కసినంతా పెట్టి కొట్టాను. విస్తళ్ల ముందు కూర్చున్నవాళ్లంతా తలలెత్తి చూశారు. సారు లాగే నా అరచెయ్యి పట్టా దాకా పోయింది.

పట్టుకోలేదు. మోగనిచ్చాను.